ఆఫీసులు వాడి వదిలేసిన డెల్ డబ్బా మా ఇంట్లో ఎలా పనిచేస్తోందంటే: ఆప్టిప్లెక్స్ 3060 మైక్రో

ముందే చెప్పేస్తున్నా. పిల్లల చదువు, ఇంటి లెక్కలు, కాస్త తెలుగు టైపింగు, రాత్రి ఓ సినిమా, ఇంతవరకే మీ అవసరం అయితే పాతిక వేల లోపల ఈ సెకండ్ హ్యాండ్ చిన్న డెస్క్‌టాప్ కంప్యూటరు డబ్బాని మించింది నాకు కనబడలేదు. గేములు ఆడాలనుకుంటే మాత్రం ఇక్కడితో ఆపేయండి, ఇందులో గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవడానికి చోటే లేదు.

మాది భీమవరం, పాలకొల్లు మధ్యలో, వీరవాసరం దగ్గర. అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈలో చేరింది. లాప్‌టాప్ కొనమని అందరూ చెప్పారు కానీ ఈ డబ్బుకి వచ్చే కొత్త లాప్‌టాపుల్లో సెలెరానో, అలాంటి చిన్న ప్రాసెసరో ఉంటుంది, పైగా మూడేళ్లకి బ్యాటరీ ఉబ్బొచ్చు, తెర చిన్నది, ఏది పోయినా మొత్తం ఊడదీయాలి. కాలేజీలో ఎలాగూ ల్యాబు ఉంది. ఇంటికి డెస్క్‌టాపే అనుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి, ఇంటెల్ ప్రాసెసరు తరం (జనరేషన్) నెంబరు. మన వైపు షాపులో అడిగితే మొదట వచ్చే మాట "ఐ5 కావాలా ఐ7 కావాలా అండీ" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకండి, ఎన్నో జనరేషనో ఎదురు అడగండి. ఆకివీడులో మా బావగారు, రొయ్యల చెరువుల లెక్కల కోసం, "ఐ7 అంటరోయ్, తొమ్మిది వేలే" అని ఎగిరి గంతేసి ఒకటి తెచ్చుకున్నారు. చూస్తే ఐ7 3770. అది 2012లో వచ్చిన చిప్పు. నాలుగు కోర్లు, పాత డీడీఆర్3 ర్యామ్. పాత చిప్పుని పేరులేని కొత్త మదర్‌బోర్డులో పెట్టి, ముందు రంగు లైట్లు వెలిగే క్యాబినెట్లో బిగించి కొత్త కంప్యూటరు అని అమ్మేస్తారు. నేను కొన్న దాంట్లో ఉన్నది ఐ5 8500టీ, 2018ది, ఆరు కోర్లు. 8500లో మొదటి 8 ఉందే, అదే తరం. 3770లో 3, అంతే. 10500 అని ఉంటే పదో తరం. చివర ఉన్న టీ అక్షరం తక్కువ కరెంటు తినే రకమని, ఇది 35 వాట్లది, టీ లేని 8500 అయితే 65 వాట్లు.

ఎనిమిదో తరం దగ్గరే ఎందుకు గీత గీశానంటే విండోస్ 11 అక్కడే గీసింది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, అప్పుడే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, మొంథా తుఫాను వచ్చిన నెలే. ఆ దెబ్బతో కంపెనీలు ఆరో, ఏడో తరం మెషీన్లని గుట్టలుగా వదిలించుకున్నాయి, అందుకే అవి మార్కెట్లో అంత చవగ్గా దొరుకుతున్నాయి. ఏడో తరం దాంట్లో కూడా ఏదో తిరకాసు చేసి విండోస్ 11 ఎక్కించి ఇస్తారు, పనిచేస్తుంది కూడా, కానీ రేపు ఏ పెద్ద అప్‌డేటు దగ్గరో మొరాయిస్తే అడిగే నాథుడు ఉండడు. మహా అయితే రెండు మూడు వేల తేడా. ఆ తేడా పెట్టుకోండి. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకునే వాళ్లకి ఈ గొడవే లేదు, వాళ్లు ఆరో తరం కొన్నా హాయిగా ఉంటారు.

డబ్బా సంగతికొస్తే, ఇది మన ఇళ్లలో అలవాటైన నిలువు సీపీయూ కాదు. పొడవూ వెడల్పూ జానెడు లేవు, మందం మూడున్నర సెంటీమీటర్లు, బరువు కేజీ పైచిలుకు. లోపల కరెంటు సప్లై ఉండదు, లాప్‌టాప్ మాదిరి బయట అడాప్టరు. ఇది వచ్చిన రోజు మా నాన్నగారు అటూ ఇటూ తిప్పి చూసి "సీపీయూ ఎప్పుడొస్తుందిరా" అని అడిగారు.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ గురించి చాలామందికి తెలిసే ఉంటుంది, సీటీసీ అంటారు, పాతవీ కొత్తవీ అన్నీ అక్కడ దొరుకుతాయి. వెళ్లగలిగితే వెళ్లి కళ్లతో చూసి తెచ్చుకోవడమే మంచిది. నేను వెళ్లలేక ఒక రీఫర్బిష్డ్ (పాతవి బాగుచేసి అమ్మే) షాపు వాళ్ల దగ్గర ఫోన్లో మాట్లాడి కొరియర్లో తెప్పించాను. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎన్వీఎంఈ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వచ్చే వేగమైన చిప్పు డిస్కు), ఏడాది వారంటీ, జీఎస్టీ బిల్లుతో కలిపి 14,500. షాపు పేరు రాయను, ఎందుకంటే వాళ్లతో నా అనుభవం సగం బాగుంది సగం బాలేదు.

బాలేని సగం ఇది. ఆన్ చేయగానే నల్ల తెర మీద అడాప్టరు రకం గుర్తుపట్టలేకపోతున్నానని ఓ హెచ్చరిక, ఎఫ్1 నొక్కితే ముందుకెళ్తుంది. విండోస్ వచ్చింది కానీ క్రోమ్ తెరవడానికి ఒక యుగం. ఫోన్ చేస్తే షాపతను "కొత్తలో అప్‌డేట్లు అవుతుంటాయి సార్, రెండ్రోజులు వదిలేయండి, అదే స్పీడొచ్చేస్తుంది" అన్నాడు. టాస్క్ మేనేజర్లో పర్ఫార్మెన్స్ ట్యాబు తెరిచి చూశాను. సీపీయూ వాడకం నూటికి నూరు, స్పీడు మాత్రం 0.79 గిగాహెర్ట్‌జ్ దగ్గర బండరాయిలా కూర్చుంది. ఈ చిప్పు మామూలుగా 2.1, అవసరమైతే 3.5 దాకా వెళ్లాలి. సంగతేంటంటే డెల్ అడాప్టరు పిన్నులో మధ్యలో సన్నని సూదిలాంటిది ఉంటుంది, దాని ద్వారానే మెషీను "నువ్వు ఎన్ని వాట్ల దానివి" అని అడాప్టరుని అడిగి తెలుసుకుంటుంది. డూప్లికేటు అడాప్టరు జవాబు చెప్పదు, మెషీను భయపడి ప్రాసెసరుని కట్టేస్తుంది. వీళ్లు డబ్బాతో పంపింది డూప్లికేటు. ఆ 0.79 కనబడేలా ఫొటో తీసి, అడాప్టరు మీది స్టిక్కరు కూడా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాక మారు మాట్లాడకుండా ఒరిజినల్ 65 వాట్లది పంపారు. పెట్టగానే 3 దాటింది. కాబట్టి కొనేముందే ఫోన్లో "అడాప్టరు ఒరిజినలేనా" అని అడిగి, అవునన్న మాట వాట్సాప్‌లో రాయించుకోండి. మన టౌన్లలో రిపేరు షాపులకి ఇలాంటి కేసులు వచ్చినప్పుడు విండోస్ మళ్లీ ఎక్కించి అయిదు వందలు పుచ్చుకుని పంపించేస్తారు, రోగం అక్కడే ఉంటుంది.

బాగున్న సగం, సరుకు నిజాయతీగా ఉంది. డెల్ వాటికి ఒక సౌకర్యం ఉంది, వెనక సర్వీస్ ట్యాగ్ అని ఏడక్షరాల నెంబరు ఉంటుంది, డెల్ సైటులో కొడితే ఆ మెషీను మొదట ఎప్పుడు బయటికెళ్లింది, అప్పుడు ఏ ప్రాసెసరు, ఎంత ర్యామ్ పెట్టి పంపారు అన్నీ చెప్పేస్తుంది. మాది 2019లో వెళ్లిందని, అదే ప్రాసెసరని చూపించింది. డబ్బు కట్టకముందే ఆ ట్యాగ్ ఫొటో అడగండి. పంపనన్నాడంటే ఆ బేరం వదిలేయండి.

వచ్చాక చూడాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేరు వేసి ఎస్ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో, ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొందరు పాతదాన్ని తీసేసి ఊరూ పేరూ లేని కొత్త ఎస్ఎస్‌డీ పెడతారు, దానికన్నా నాలుగేళ్లు నడిచిన మంచి కంపెనీదే నయం అని నా అభిప్రాయం. రెండోది, విండోస్‌ని శుభ్రంగా మళ్లీ ఎక్కించండి, షాపు వాడు ఎక్కించింది ఉంచుకోకండి. ఈ కంపెనీ మెషీన్లలో విండోస్ ప్రో కీ చాలావరకు బయాస్‌లోనే (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని ప్రోగ్రాము) ఉంటుంది, ఇంటర్నెట్ తగలగానే తనే యాక్టివేట్ అయిపోతుంది, కీ కోసం ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. ఎక్కించేటప్పుడు ఏదైనా కంపెనీ పేరు చూపించి వాళ్ల ఆఫీసు ఈమెయిలుతో లాగిన్ అవ్వమందంటే ఆ మెషీను ఇంకా ఆ కంపెనీ లెక్కల్లోనే ఉందని అర్థం, ఆ రోజే వెనక్కి పంపేయండి. బయాస్ పాస్‌వర్డు అడిగినా అంతే.

మూత తీయడం చాలా సుళువు. వెనక ఒకటే స్క్రూ, స్క్రూడ్రైవరు అక్కర్లేకుండా చేత్తోనే తిరుగుతుంది, మూత ముందుకి జరిపితే వచ్చేస్తుంది. లోపల ఎక్కడ నొక్కి తీయాలో అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ ఉంటుంది. లాప్‌టాప్ సైజు డీడీఆర్4 ర్యామ్ స్లాట్లు రెండు. ఒకదాంట్లో 8 జీబీ ఉంది, ఇంకో 8 పాతదే 1,600కి తెచ్చి పెట్టాం. రెండు ర్యామ్ పుల్లలు పెడితే మెమరీ పెరగడమే కాదు, వీడియో కూడా కాస్త మెరుగవుతుంది, ఎందుకంటే లోపలున్న యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది. తర్వాత ఏఐ సర్వర్ల కోసం చిప్పులన్నీ అటు వెళ్లిపోయి ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి, ఇప్పుడు ఆ రేటుకి దొరుకుతుందని ఆశపెట్టుకోకండి. కొనేటప్పుడే 16 జీబీది బేరమాడితే లాభం. ఎన్వీఎంఈ కాకుండా రెండున్నర అంగుళాల సాటా డిస్కుకి కూడా చోటుంది, పాత లాప్‌టాప్ హార్డ్ డిస్కు ఉంటే పెళ్లి వీడియోలు అవీ దాంట్లో వేసుకోవచ్చు.

కంప్యూటరులో గడియారం మాత్రం రోజూ వెనక్కి వెళ్లిపోయేది. లోపలి సీఆర్ 2032 బటన్ సెల్లు మార్చాం, ఆ జబ్బు పోయింది. ఆరేడేళ్ల మెషీను కదా, ఆ సెల్లు ఎలాగూ అయిపోయి ఉంటుంది, వచ్చిన రోజే మార్చేయండి, గడియారాల షాపులో దొరుకుతుంది.

వైఫై ఉందా అని అడగడం మర్చిపోకండి. ఆఫీసుల్లో అన్నీ తీగల మీదే నడుస్తాయి కాబట్టి వీటిల్లో చాలావాటికి వైఫై కార్డు ఉండదు. మాదాంట్లోనూ లేదు. యూఎస్‌బీ డాంగిల్ కొనొచ్చు కానీ రౌటరు హాల్లోనే ఉండటంతో క్యాట్6 అనే నెట్ కేబులు లాగించాను, 600 అయింది. అటక మీంచి వెళ్లే చోట ఎలుకలు కొరక్కుండా పీవీసీ పైపులోంచి లాగించండి, ఇది డెల్టాలో కొబ్బరికాయలు నిలవేసే ఇళ్ల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మానిటరు కొత్తది తీసుకున్నాం, 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ ప్యానెలు, 6,900. ఇక్కడ పాతది కొని పొదుపు చేయాలని చూడకండి. పాత ఆఫీసు మానిటర్లలో వెలుగు పసుపు తిరిగిపోయి ఉంటుంది, కొన్నిటికి వీజీఏ అనే పాత రకం కనెక్షను ఒక్కటే ఉంటుంది, ఈ డబ్బాకి మామూలుగా ఉండేవి హెచ్‌డీఎంఐ ఒకటి, డిస్‌ప్లే పోర్టు ఒకటి. మానిటరులో స్పీకర్లు లేవు, ఇంట్లో ఉన్న పాత స్పీకర్లు ముందున్న ఇయర్‌ఫోన్ రంధ్రంలో గుచ్చాం. 4కే టీవీకి తగిలించాలనుకునే వాళ్లు గుర్తుంచుకోండి, దీని హెచ్‌డీఎంఐ పాత రకం, 4కేలో సెకనుకి 30 ఫ్రేములే ఇస్తుంది, డిస్‌ప్లే పోర్టులోంచి అయితే 60 వస్తుంది. కీబోర్డు, మౌసు తీగలవి 850. మొత్తం కలిపి 24,450 తేలింది. అంటే డబ్బా ధర మీద ఇంకో పది వేలు వేసుకోండి.

కరెంటు విషయం కాస్త వివరంగా రాస్తాను, మన దగ్గర కంప్యూటర్లు ముసలితనంతో పోవడం తక్కువ, కరెంటుతోనూ తేమతోనూ పోతాయి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే వేరే యూపీఎస్ కొనకండి. ఇన్వర్టరు వెనకో ముందో యూపీఎస్, ఎకో అని చిన్న స్విచ్చు ఉంటుంది, చాలా ఇళ్లలో అది ఎకోలోనే ఉంటుంది. ఎకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఫ్యాన్లకి లైట్లకి తెలీదు, కంప్యూటరు మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ వైపు నొక్కితే వెంటనే మారుతుంది. దానికో తిరకాసు ఉంది. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ 180 చిల్లర కిందకి దిగితే చాలు, ఇన్వర్టరు కరెంటు ఉన్నా బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది. మా వీధి చివర నుంచి చెరువులే, ఎండాకాలం తెల్లవారుజామున రొయ్యలకి ఆక్సిజన్ అందడానికి ఏరియేటర్లు అన్నీ ఒకేసారి తిరుగుతుంటే వోల్టేజీ దిగిపోతుంది, ఇన్వర్టరు టిక్కుటిక్కుమని కొట్టుకుంటూ ఉంటుంది. అందుకని రాత్రి పడుకునేముందు ఎకోకి మార్చేస్తున్నాం.

ఇన్వర్టరు లేని వాళ్లకి 600 వీఏ చిన్న యూపీఎస్ చాలు. ఈ డబ్బా ఖాళీగా ఉన్నప్పుడు పది పదిహేను వాట్లకి మించి తినదు, మానిటరు ఇంకో ఇరవై, కాబట్టి పెద్ద సీపీయూకి పది నిమిషాలు వచ్చే యూపీఎస్ దీనికి బ్యాటరీ కొత్తగా ఉన్నంతకాలం అరగంట పైనే ఇస్తుంది. బయాస్‌లో ఏసీ రికవరీ అని, పోయిన కరెంటు తిరిగొచ్చాక మెషీను ఏం చేయాలో చెప్పే సెట్టింగు ఉంది, దాన్ని పవర్ ఆఫ్‌లో పెట్టుకోండి, లేదంటే గాలివానప్పుడు కరెంటు వచ్చిపోతూ వచ్చిపోతూ ఉంటే మెషీను కూడా లేస్తూ పడుతూ ఉంటుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయడమే, దానికి మించిన స్టెబిలైజరు లేదు. ఫైబర్ నెట్ అయితే గాజు తీగ గుండా పిడుగు రాదు కానీ రౌటరు కరెంటు తీగలోంచి వస్తుంది, అదీ పీకండి.

డబ్బా ఇనుప ఒంటిది. చెప్పుల్లేకుండా తాకితే చేతికి జివ్వుమన్నట్టు అనిపిస్తే మెషీనులో లోపం అనుకోకండి, గోడలో ఎర్తింగ్ లేదని. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టే చోట మూడోదానికి తీగే లేని ఇళ్లు మన పాత పెంకుటిళ్లలో బోలెడు. ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించండి, ఎర్తింగ్ గుంత ఉంటే ఎండాకాలం దాంట్లో బిందెడు నీళ్లు పోయండి.

ఇంక తేమ. వానాకాలం నాలుగు రోజులు ముట్టుకోకుండా వదిలేస్తే ఒక్కోసారి ఆన్ అవదు. ర్యామ్ తీసి దాని ఇత్తడి రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి పెడితే వచ్చేస్తుంది, మన వైపు మెకానిక్కులందరూ ముందు చేసే పని అదే, దానికి డబ్బులివ్వకండి. వాడకపోయినా రోజూ ఓ అరగంట ఆన్ చేసి ఉంచితే లోపలి వేడికి తేమ ఆరిపోతుంది. నరసాపురం, అంతర్వేది వైపు వాళ్లు ఉప్పుగాలి తగిలే కిటికీ పక్కన పెట్టొద్దు. చీమలకి బల్ల కాళ్ల చుట్టూ లక్ష్మణరేఖ గీస్తున్నాం. పెద్ద సీపీయూల్లో వెనక కంతల్లోంచి బల్లి దూరి సప్లైలో చచ్చి షార్ట్ అవడం మన దగ్గర మామూలే, దీనికి ఆ పెద్ద కంతలే లేవు, మా ఆవిడకి ఈ డబ్బా నచ్చడానికి అసలు కారణం అదే అనుకుంటా.

వాడకంలో ఎలా ఉందంటే, ఆన్ చేసి మంచినీళ్లు తాగొచ్చేలోపు సిద్ధంగా ఉంటుంది. అమ్మాయి సీ, పైథాన్ ప్రోగ్రాములు వీఎస్ కోడ్‌లో రాసుకుంటోంది, క్రోమ్‌లో ఇరవై ట్యాబులు తెరిచి పెడుతుంది, ఎక్కడా తడబడదు. రేపు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి వేస్తే 16 జీబీ కూడా ఇరుకే అవుతుంది, అప్పుడు చూద్దాం. మా ఆవిడ స్కూలు పేపర్లు తెలుగులో తనే కొట్టుకుంటోంది, విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, సెట్టింగుల్లో భాష చేర్చుకుంటే చాలు, డీటీపీ సెంటరుకి పేజీకింత అని ఇవ్వడం తప్పింది. ఫ్యాను చప్పుడు మామూలప్పుడు వినబడదు, పెద్ద ఫైలు విప్పేటప్పుడో వీడియో కన్వర్ట్ చేసేటప్పుడో మాత్రం హెయిర్ డ్రైయర్ మొదలవుతుంది, మేలో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట ఇంకా ఎక్కువ. మూత తీసి బ్లోయరుతో దుమ్ము కొట్టిస్తే కొంత తగ్గింది, ప్రాసెసరు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు కూడా మార్పించాలని ఉంది.

నేను కొన్నప్పుడు ఇదే డబ్బుకి ఇంటెల్ ఎన్100 చిప్పుతో కొత్త మినీ పీసీలు కూడా వచ్చేవి, అవి ఇంకా తక్కువ కరెంటు తింటాయి, వైఫై ఉంటుంది. నాలుగు చిన్న కోర్లే, చాలావాటిల్లో ర్యామ్ స్లాటు ఒకటే, పేరు తెలియని కంపెనీ అయితే అడాప్టరో బోర్డో పోతే విడిభాగం దొరకదు. కేవలం టీవీ వెనక పెట్టుకుని సినిమాలు చూసే వాళ్లకి అదే మేలు. చదువుకి నేనైతే ఈ డెల్లే చెబుతాను, లేదా ఇదే తరంలో లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 జీ4 మినీ, మూడూ ఒకే పోలిక, ఏది తక్కువకి ఒరిజినల్ అడాప్టరుతో దొరికితే అది. మా బావగారు ఇప్పుడు వాళ్లబ్బాయి కోసం ఒకటి చూడమంటున్నారు, ఈసారి ఆయనే ఫోన్ చేసి షాపు వాడిని "ఎన్నో జనరేషనండీ" అని అడుగుతున్నారు.